ఆరోవాడి చిరునామా

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికంటే, నేను రాసిన కాగితం వల్ల ఎవరికో ఏదో అవుతుందని. పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే భయమే. మా ఆయన రావడం అరగంట ఆలస్యమైతే భయమే. పొయ్యి కట్టేశానో లేదో అని సగం వీధిలోంచి వెనక్కి పరిగెత్తిన రోజులు బోలెడు. కానీ అవన్నీ వచ్చిపోయే భయాలు. కాగితం అలా కాదు. రాసి, మడిచి, జిగురు అంటించి డబ్బాలో పడేశాక అది ఎక్కడికి పోతుందో, ఎవరి తలుపు కొడుతుందో మన చేతిలో ఉండదు.

నా చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది. అమ్మ మంచాన పడింది, తమ్ముళ్లు చిన్నవాళ్లు, బడిసంచీ అటక మీద పెట్టేసి వంటింట్లోకి వచ్చేశాను. ఆ సగం చదువులో నాకు మిగిలినవి రెండే. ఒకటి గుండ్రటి చేతిరాత. రెండోది మా టీచరమ్మ చెప్పిన మాట: "ఫారంలో గడి ఖాళీగా వదలకే. వదిలితే నిన్ను బద్ధకస్తురాలనైనా అనుకుంటారు, ఏదో దాస్తున్నావనైనా అనుకుంటారు." కుళాయి కనెక్షను కావాలన్నా, బడిలో సీటు కావాలన్నా మా వీధిలో వాళ్లు నా దగ్గరికే వస్తారు. "నీ అక్షరాలు చూస్తే ఏ ఆఫీసరూ కాదనలేడమ్మా" అంటారు. వాళ్లు మెచ్చుకుంటుంటే నేను రాసింది ఇంకోసారి మొదటినుంచి చదువుకుంటాను.

ఇది పోయిన ఎండాకాలం సంగతి.

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, సైన్యంలో టెలిఫోను తీగలు లాగే పని చేశారు. తుపాకీ కంటే పటకారే ఎక్కువ పట్టుకున్నానని ఆయనే చెప్పి నవ్వుతారు. మా ముందుగదిలో గోడకి గాజు ఫ్రేములో ఒక మెడల్ ఉంది. అత్తయ్య ఉన్నన్నాళ్లూ దాన్ని ఆవిడ తుడిచేది, ఆవిడ పోయాక ఆ గుడ్డ నా చేతికి వచ్చింది.

మాజీ సైనికుల సంఘం వాళ్లు తమ హాలు గోడకి రాతిపలక పెడుతున్నారని, మెడల్ వచ్చినవాళ్ల పేర్లు చెక్కిస్తారని కబురొచ్చింది. పేరు ఇవ్వడానికి మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. కుడి కన్ను పొర కమ్మింది, ఎడమది అంతంతమాత్రం, అందుకని నేనూ పాపా తోడు. వరసలో మా ముందు పదిమంది, వెనక పదిమంది. బల్ల వెనక కళ్లద్దాల గుమాస్తా కాగితాలు తిరగేసి తల ఎత్తకుండానే అన్నాడు.

"మీ రికార్డులో మెడల్ లేదండీ."

"మా ఇంటి గోడకుంది" అన్నారు మావయ్య.

"గోడకుంటే చాలదు సార్. కాగితంలో ఉండాలి."

వెనకనుంచి ఎవరో, "బజార్లో కిలోల్లెక్కన అమ్ముతున్నారుగా" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మావయ్య వెనక్కి తిరగలేదు. చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. వరసలోంచి ఒక్క అడుగు పక్కకి వేసి నిలబడ్డారు, పై అధికారెవరో ఆజ్ఞ ఇచ్చినట్టు.

ఇంటికొచ్చాం. చెప్పులు విప్పుతూ, "రాయి అమ్మాయ్" అన్నారు. "రికార్డుల ఆఫీసుకి. మర్యాదగానే రాయి. మెడల్ నమోదు కాలేదు, చేయండి అని. వానలు పడేలోగా పేరివ్వాలట. లేకపోతే నేను చచ్చాక కూడా వాడు నవ్వుతాడు."

సాయంత్రం మా ఆయన బస్సు డిపో నుంచి వచ్చాడు. టైర్లు మార్చే పని, మోచేతుల దాకా నలుపు. విషయం విని విసుక్కున్నాడు.

"ఆ రేకుముక్క కోసం ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరుగుతావా నాన్నా?"

"నువ్వు రోజంతా టైర్లకి గాలి కొడతావు. నేనేమన్నా అన్నానా?"

మా ఆయన నవ్వాపుకుని వంటింట్లోకి వచ్చి, "నువ్వు రాయనంటే ఆయనే ఊరుకుంటాడే" అన్నాడు మెల్లిగా.

రాయననడం నావల్ల కాదు. అంతకుముందు చలికాలంలో పాపకి జ్వరంలో ఫిట్సు వచ్చింది. కళ్లు పైకెళ్లిపోయి, పెదాలు నీలంగా అయిపోయి, కర్రలా బిగుసుకుపోయింది. నేను చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మావయ్య వచ్చి పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. వీపు మీద ఒక చెయ్యి, రెండో చేతి గడియారం చెవి దగ్గర. పైకి లెక్కపెట్టారు. "అరవై. ఊపిరుంది. డెబ్బై. ఊపిరుంది. ఎనభై." నూటపదికి పాప ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేను వినలేదు. ఆ గొంతు ఏం అడిగినా నేను రాస్తాను.

రాశాను. మూడు వారాలకి జవాబొచ్చింది. మెడల్ అంచు మీద చెక్కిన సైనికుడి నంబరుని పెన్సిలుతో కాగితం మీద అచ్చు తీసి పంపాలట. అదే దళంలో పనిచేసిన ఒకరి వాంగ్మూలం కావాలట, దానికో ఫారం జతచేశారు.

మావయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావా, దారికొచ్చారు! ప్రతి మెడల్ అంచునా నంబరు కొడతారమ్మాయ్. మనిషి మట్టిలో కలిసినా అది ఎవరిదో చెబుతుంది."

"మీరెప్పుడూ చూసుకోలేదా?"

"ఎక్కడ! నేను ఆసుపత్రిలో ఉండగా ఆరోవాడు ఫ్రేము కట్టించి మరీ తెచ్చాడు. 'నీ మెడల్ వచ్చిందిరా, నీ బదులు నేనే అందుకున్నా' అన్నాడు. బిగించింది విప్పడమెందుకు?"

ఆరోవాడంటే ఆయన స్నేహితుడు. ఇద్దరూ ఒకే రోజు చేరారు, వరసలో ముందూ వెనకా. అందుకే నంబర్లలో ఒక్క అంకే తేడా. మావయ్యది చివర ఐదు, ఆయనది చివర ఆరు. దళమంతా ఐదోవాడు, ఆరోవాడు అనే పిలిచేదట. "భోజనాల వరసలో నా వెనకే, చీవాట్ల వరసలో నా వెనకే" అని మావయ్య చెప్పిందే చెబుతారు. "వాంగ్మూలానికి వాడున్నాడుగా. వాడు కాకపోతే ఎవడిస్తాడు?"

మధ్యాహ్నం పాప పడుకున్నాక కూరగాయల కత్తి మొనతో ఫ్రేము వెనక నాలుగు మేకులూ లేపాను. నలభై ఏళ్ల దుమ్ము, మడత పెట్టిన పాత వార్తాపత్రిక ముక్క, దాని కింద మెడల్. అంచు చుట్టూ పల్చటి కాగితం చుట్టి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాను. బూడిద రంగులోంచి తెల్లగా అంకెలు ఒక్కొక్కటే లేచాయి. మావయ్య నంబరు నాకు కంఠతా వచ్చు, ఆ నెలలో ఎన్నిసార్లు రాశానో. అన్నీ సరిపోయాయి, చివరిది తప్ప.

ఆరు.

కొంగుతో అంచు తుడిచి ఇంకో కాగితం మీద మళ్లీ తీశాను. ఆరే.

"ఎంతుంది?" మావయ్య కుర్చీలోంచి ముందుకి వంగారు. చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు.

మొదటి అంకె నుంచి నెమ్మదిగా చదివాను. చివరికొచ్చి, "ఐదు" అన్నాను.

"మరి!" అన్నారాయన. వెనక్కి వాలారు. "మేకులు మెల్లిగా కొట్టమ్మాయ్, పిల్ల లేస్తుంది."

ఆ తర్వాత రెండు రోజులు నాకు తిండి సయించలేదు. మూడో రోజు, సంతకం నేనే వెళ్లి పెట్టించుకొస్తానని చెప్పాను. మావయ్యకి వెళ్లాలనుంది గానీ ఆరు గంటల బస్సు ప్రయాణం, మోకాళ్లు ఒప్పుకోలేదు. ట్రంకుపెట్టె అడుగునుంచి పాత పటకారు తీసి ఇచ్చారు. "ఇది వాడిది. నలభై ఏళ్లుగా దొంగిలించానని తిడుతున్నాడు. ఇచ్చెయ్యి, ఇక తిట్టడానికేం లేదని చెప్పు."

మావయ్య స్నేహితుడు ఉండేది రైల్వే స్టేషను వెనక, పొడుగ్గా ఉన్న ఒంటంతస్తు భవనంలో. గేటు మీద బోర్డు. పైన పెద్దక్షరాలతో 'గౌరవ నివాసం' అని ఉంది, కింద ఇంకో రెండు వరసలున్నాయి. బస్సులో ఉడికిపోయిన పాప చంకలో ఏడుస్తోంది, కింది వరసలు నేను చదవలేదు. చదివి ఉంటే అని ఇప్పుడనుకుని ఏం లాభం. గేటు పక్క తాళాలు బాగుచేసే చిన్న కొట్టు. ఆ కొట్టతను, "పద్నాలుగో గదమ్మా, తలుపు తీసే ఉంటుంది, ఆయనకి తాళమే లేదు. నా కొట్టు పక్కనే ఉండి కూడా! నాకదో అవమానం" అన్నాడు.

గదిలో ఒక మంచం, ఒక కెటిల్, నిండా రంగురంగుల తీగలతో ఒక బుట్ట. పారేసిన టెలిఫోను కేబుళ్లు ఒలిచి తీసినవి. కిటికీ గూట్లో ఆ తీగలతో చేసిన గుర్రాలు, బాతులు, ఒక ఏనుగు. పటకారు చూడగానే ఆయన, "దొంగవెధవ! పంపించాడూ?" అని దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి చూసుకున్నారు. పాప ఏడుపు ఆపి ఆ చప్పుడు వింది.

నేను అచ్చు తీసిన కాగితం మంచం మీద పెట్టాను. ఆయనకి కళ్లద్దాల అవసరం రాలేదు.

"వాడు చూశాడా?"

"లేదు బాబాయిగారూ. ఐదు అని చదివాను."

ఆయన కాగితాన్ని నా వైపు జరిపారు. "నువ్వు మా దళంలో ఉండాల్సిందే తల్లీ" అన్నారు. తర్వాత బుట్టలోంచి ఎర్రతీగ ఒకటి లాగి, పటకారుతో వంచుతూ, తీగతోనే చెబుతున్నట్టు చెప్పారు.

"తీగ నడుముకి కట్టుకుని వరదలో ఏరు దాటింది వాడే. నేను గట్టున కూర్చుని తీగచుట్టలోంచి తీగ వదిలా, అంతే. అవతలి గట్టున మనవాళ్లు అరవైమంది, తీగ తగిలాకే వాళ్లకి పడవలొచ్చాయి. తిరిగొస్తుంటే దుంగ తగిలి వాడి పక్కటెముకలు విరిగాయి. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దున ఆఫీసరొచ్చి ఎవరు చేశారయ్యా ఈ పని అన్నాడు. ఎదురుగా నిలబడ్డవాణ్ణి నేనే. నా నంబరు రాసుకున్నాడు."

"మీరు చెప్పలేదా?"

"ఇరవై రెండేళ్లు నాకు. నా పేరు అంత గట్టిగా ఎవరూ చదివిందే లేదు తల్లీ. రేపు చెబుదాం అనుకున్నా. రేపు కూడా అలాగే అనుకున్నా." తీగని గుర్రం మెడలా వంచారు. "తర్వాత ఆసుపత్రిలో వాణ్ణి చూశాక ఆ మెడల్ నా దగ్గర ఉండనివ్వలేకపోయా. ఫ్రేములో బిగించా, అంచు కనబడకుండా. అదే నేను చేసిన తెలివైన పని."

ఆయనే, "ఫారం తియ్యి. నేను చెబుతా, నువ్వు రాయి" అన్నారు. "పొరపాటున నా నంబరు మీద నమోదైన మెడల్‌ని తీసేసి, అర్హుడైన ఫలానా నంబరు మీద నమోదు చేయవలెను. అంతే. వాడి నంబరు నీకు వచ్చుగా?"

"ఇది రాస్తే మీకేమైనా అవుతుందా?" పెన్ను పైకెత్తి అడిగాను.

"నాకేమవుతుంది? ఈ వయసులో మళ్లీ సైన్యంలోంచి తీసేస్తారా?" పెద్దగా నవ్వారు. నవ్వితే ఆయనకి ముందు పళ్లు రెండు లేవు. నేనూ నవ్వేశాను. అలా నవ్వించకుండా ఉంటే ఇంకోసారి అడిగేదాన్ని.

రాశాను. ఆయన సంతకం పెట్టారు. చిరునామా దగ్గరికి వచ్చేసరికి, "తాళాల కొట్టు ద్వారా అని రాయి, చాలు. నా ఉత్తరాలు వాడే తెచ్చిస్తాడు. ఫోనూ వాడిదే" అని కొట్టు నంబరు చెప్పారు. ఎర్రగుర్రం పాప చేతిలో పెట్టారు. గుమ్మం దాకా వచ్చి, "వాడికి ఇవేం చెప్పకు తల్లీ. వాడికి మెడల్ ఎప్పుడో వచ్చింది. కాగితానికే ఇప్పుడు తెలుస్తోంది" అన్నారు.

బస్సెక్కే ముందు పోస్టాఫీసులో కవరు కొన్నాను. అచ్చు తీసిన కాగితం అందులో పెట్టి, అలవాటుగా ఫారం ఒకసారి పైనుంచి కిందికి చూసుకున్నాను. చిరునామా గడిలో మూడు గీతలున్నాయి. ఒక్క గీతే నిండింది. రెండు ఖాళీ. 'తాళాల కొట్టు ద్వారా', ఇదేం చిరునామా? ఆఫీసువాళ్లు చూసి వెనక్కి పంపేస్తే? వానలొచ్చేస్తే? గొలుసుతో కట్టేసి ఉన్న పోస్టాఫీసు పెన్ను తీసుకుని, రెండో గీత మీద 'గౌరవ నివాసం' అనీ, మూడో దాని మీద 'గది నంబరు 14' అనీ రాశాను. చక్కగా, గుండ్రంగా. సిరా ఆరేదాకా ఊదాను. అప్పటికి నా మనసు కుదుటపడింది.

మొదటి వాన పడిన రోజే జవాబొచ్చింది. మావయ్య నాచేత మూడుసార్లు చదివించుకున్నారు. "సదరు మెడల్ మీ సర్వీసు రికార్డులో నమోదు చేయడమైనది." ప్రతిసారీ ఆ ముక్క దగ్గర ఆగమన్నారు. రెండో పేరా, వేరొక నంబరు నుంచి తొలగించడమైనది అన్నది, మూడుసార్లూ నేను దాటేశాను. ఉత్తరం అడుగున చీమల్లాంటి అక్షరాలతో ఇంకో వరస ఉంది. 'నకలు: గౌరవ నివాసం అధికారికి.' దాని వంక చూస్తూ నిలబడ్డాను. అధికారికి ఎందుకు? మావయ్య, "ఏమమ్మాయ్, ఇంకేమన్నా ఉందా?" అన్నారు. "సంతకం మావయ్యా" అన్నాను.

కళ్లద్దాల గుమాస్తా ఈసారి లేచి కుర్చీ వేశాడు. పలక పెట్టిన రోజు మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చాడు, చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని. మావయ్యకి అక్షరాలు కనబడవు కదా, వేలితో తడిమారు. తన పేరు దొరికింది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చివరిదాకా వెళ్లారు. మా ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మావయ్య వేలు అక్కడ ఆగలేదు. కిందికి దిగింది. ఆ కింద పేరు, ఆ కింద పేరు.

"ఆరోవాడేడీ?" అన్నారు. "వాడు నా వెనకే ఉండాలిగా. ఆ రాత్రి తీగచుట్ట వదిలింది వాడు. వాడి చెయ్యి ఒక్కసారి బిగిస్తే నేను ఏట్లోనే ఉండేవాణ్ణి. వాడికీ ఇచ్చారమ్మాయ్, ఎక్కడో పారేసుకున్నానన్నాడు."

"వాళ్ల ఊరి పలక మీద ఉంటుందిలెండి" అన్నాను.

"ఫోను చేసి కనుక్కో. నా పేరెక్కిందని కూడా చెప్పు."

ఇంటికొచ్చి పెరట్లో నిలబడి చేశాను. తాళాల కొట్టతను ఎత్తాడు. పద్నాలుగో గది పెద్దాయన్ని పిలవమన్నాను.

"ఊరెళ్లారమ్మా."

"ఏ ఊరు?"

"మీరు పాపతో వచ్చిన అమ్మాయేనా?"

"అవును."

"మీకు మాత్రం చెప్పొద్దన్నారు" అన్నాడు. ఆ తర్వాత చెప్పేశాడు. ఆ బోర్డు కింది వరసల్లో ఏముందో అప్పుడు తెలిసింది. మెడల్ పొందిన వారికి మాత్రమే. నివాసం అధికారి నకలు పట్టుకుని వచ్చాడట, పదిహేను రోజుల గడువిచ్చాడట. పెద్దాయన మూడో రోజే తీగల బుట్టా, కెటిలూ పట్టుకుని వెళ్లిపోయారట. "ఆయన చాలా తెలివిగా నా కొట్టు చిరునామా ఇచ్చారమ్మా, ఆ రికార్డులవాళ్లకీ ఈ నివాసంవాళ్లకీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మరి గది నంబరుతో సహా ఎవరు రాశారో ఏమో."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"వెళ్లేముందు తాళం కొనమన్నాను" అన్నాడు కొట్టతను. "దేనికి వేసుకోను అన్నారు."

ఇప్పుడు చలికాలం. మావయ్య ప్రతి ఆదివారం అడుగుతారు, వాడేమన్నాడని. ఎత్తడం లేదంటాను. అది అబద్ధం కాదు. నేనడిగిన ప్రతి చోటా తెలియదనే అన్నారు. సంఘం గుమాస్తాకి, ఆయన ఊరికి, ఇంకో మూడు వసతి గృహాలకి ఉత్తరాలు రాశాను. ఒక్కో ఉత్తరం డబ్బాలో వేయడానికి ముందు ఎంతసేపు నిలబడ్డానో పోస్టాఫీసు వాళ్లనడిగితే చెబుతారు. మావయ్యకి ఇంత చిన్న అక్షరాలు కనబడవు. మా ఆయన కథలు చదవడు. అందుకే ఇదంతా ఇక్కడ రాయగలుగుతున్నాను.

మీ వీధిలోకి కొత్తగా ఒక పెద్దాయన వచ్చి ఉంటే, ముందు పళ్లు రెండు లేకుండా, పాత పటకారుతో రంగుతీగలు వంచి పిల్లలకి గుర్రాలు చేసిస్తుంటే, ఒక్కసారి ఆ తలుపు దగ్గరికి వెళ్లండి. తాళం ఉండదు. తిన్నారా, మందులున్నాయా, పైకప్పు కారుతోందా చూడండి. ఎర్రగుర్రానికి ఒక చెవి ఊడిందని, పాప దాన్ని ఎవరిచేతా బాగుచేయించనివ్వడం లేదని చెప్పండి. ఐదోవాడు పలక మీద ఆయన పేరు వెతుక్కున్నాడని చెప్పండి.

చిరునామా మాత్రం నాకు పంపకండి. ఆయన బాగున్నారో లేదో చూడండి, చాలు.